చేతులకు పని, చెవులకు తీరిక

ఆకాశవాణి కేంద్రం రోజును మూడు ప్రసారాలుగా కోసుకుంటుంది. తెల్లవారుజామున మొదటిది, మధ్యాహ్నం రెండోది, సాయంత్రం మొదలై రాత్రి భోజనాలయ్యాక ముగిసేది మూడోది. ఆంధ్ర ప్రాంతంలో ఈ ఏర్పాటు 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రంతో వచ్చింది. అంతకు పదేళ్ల ముందే మొదలైన మద్రాసు కేంద్రం నుంచి తెలుగు కార్యక్రమాలు వినిపించేవి. 1963లో విశాఖపట్నం తోడైంది. కోనసీమ విజయవాడ, విశాఖలకు నడుమ ఉంటుంది. మీడియం వేవ్ మీద విజయవాడ 837 కిలోహెర్ట్జ్, విశాఖ 927. డయల్ మీద రెండింటికీ మధ్య వేలెడు ఎడం కూడా ఉండదు. అయినా ఇప్పటికీ కోనసీమ పెద్దల నోట రేడియో అంటే బెజవాడ రేడియోయే.

కార్యక్రమాల పట్టిక వేసేవాళ్లు ముందు చూసేది విషయాన్ని కాదు, వేళను. పేపరు చదవాలంటే కళ్లూ చేతులూ రెండూ ఖాళీగా ఉండాలి. రేడియోకు చెవి ఒక్కటి చాలు. కళ్లాపి చల్లే వేళ, పశువులకు మేత వేసే వేళ, కొబ్బరికాయ ఒలిచే వేళ చేతులు పనిలో ఉంటాయి, చెవులు తీరిగ్గా ఉంటాయి. ఏ గంటకు ఎవరి చెవి ఖాళీగా ఉంటుందో కనిపెట్టి, ఆ గంటను వాళ్లకు రాసిచ్చినదే రేడియో పట్టిక. భక్తి, వార్తలు, వ్యవసాయం, పిల్లలు, నాటకం ఒకే రోజులో పక్కపక్కన ఇమిడాయంటే కారణం అదే.

పొద్దున్నే వచ్చేది భక్తిరంజని. విజయవాడలో దాన్ని తీర్చిదిద్దినవారిలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు ముఖ్యులు. బాలమురళిది రాజోలు తాలూకా శంకరగుప్తం, పుట్టింది 1930లో. అంతకు రెండేళ్ల ముందు రాజోలులోనే పుట్టిన వోలేటి వెంకటేశ్వర్లు కూడా అదే కేంద్రంలో సంగీత ప్రయోక్త అయ్యారు. ఒక్క తాలూకా కంఠాలు రెండు బెజవాడ వెళ్లి, అక్కడి నుంచి గాలిమీద మళ్లీ తమ ఊళ్లకే తిరిగొచ్చాయి. వోలేటి నడిపిన ‘సంగీత శిక్షణ’ కార్యక్రమం పేరుకు సంగీతమే గానీ, దాని ప్రాణం దిద్దుబాటులో ఉంది. గురువు ఒక సంగతి పాడతారు, స్టూడియోలో శిష్యులు తిరిగి పాడతారు, తేడా వస్తే ఆగి, సరిదిద్ది, మళ్లీ పాడిస్తారు. పూర్తయిన కచేరీని ఎవరైనా ప్రసారం చేస్తారు. తప్పు దిద్దడాన్ని ప్రసారం చేయడం అంతకంటే కష్టమైన పని. ఊళ్లో గురువు దొరకని పిల్లలకు ఆ దిద్దుబాటే పాఠం.

తర్వాతది వార్తల వేళ. 6.45కు ప్రాంతీయ వార్తలు, 6.55కు సంస్కృత వార్తలు, 7.05కు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు అన్న వరుస తెలుగు ఇళ్లకు గడియారంలా పనిచేసింది. ఆ ఐదు నిమిషాల సంస్కృతం ఎంతమందికి తెలిసిందో చెప్పలేం గానీ, బలదేవానంద సాగర్ పేరు వినబడితే స్నానానికి ఆలస్యమైనట్టేనని బడిపిల్లలకు తెలుసు. సినిమాల్లోకి రాకముందు కొంగర జగ్గయ్య ఢిల్లీలో తెలుగు వార్తలు చదివారు. తర్వాతి తరాల్లో పన్నాల సుబ్రహ్మణ్య భట్టు, అద్దంకి మన్నార్, మాడపాటి సత్యవతి పేర్లు వార్తలతో పాటే గుర్తుండిపోయాయి.

చదవడానికి రాసిన వాక్యం వినడానికి పనికిరాదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. కలిశారా, విడిపోయారా, ఉన్నారా, పోయారా అన్నది వాక్యం ముగిసేదాకా తేలదు. వాక్యం చాంతాడంత సాగితే వినేవాడు మొదలు మరిచిపోతాడు, వెనక్కి తిప్పి వినే వీలు లేదు. అందుకే వార్తా సంపాదకుడు వాక్యాన్ని తుంచుతాడు, అంకెలను గుండుగుత్తగా చెబుతాడు, ఊరి పేరు ముందు పెడతాడు. అచ్చు తెలుగు కంటే రేడియో తెలుగు తొందరగా వాడుక భాషకు దగ్గరైందంటే, భాషోద్యమాల బలంతో పాటు చెవి పెట్టిన ఈ ఒత్తిడి కూడా ఉంది.

మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం. దీని గురించి చెప్పుకోవలసింది తక్కువ. ఊరగాయలు, పసిపిల్లల పెంపకం చుట్టూ అది ఉండవలసిన దానికంటే ఎక్కువకాలం తిరిగింది. ఆదివారాల్లో ఉషశ్రీ రామాయణ, భారత ఉపన్యాసాలు చాలా ఇళ్లలో దాన్ని మించిపోయాయి. ఆయన ‘ధర్మసందేహాలు’ కార్యక్రమానికి పెట్టుబడి శ్రోతల ఉత్తరాలే.

రేడియో పనితనం అసలు బయటపడేది సాయంత్రం వ్యవసాయ కార్యక్రమంలో. అంబాజీపేట పరిశోధన కేంద్రంలో కొబ్బరి మీద పనిచేసే శాస్త్రవేత్తనో, గోదావరి అవతల మార్టేరులో వరి వంగడాలు తయారుచేసే నిపుణుణ్నో పిలిచి మైకు ముందు కూర్చోబెట్టినంత మాత్రాన కార్యక్రమం అయిపోదు. ఎదురుగా కూర్చున్న మనిషి తనకు తెలిసినదాన్ని తెలియనట్టు అడగాలి. శాస్త్రవేత్త ఇంగ్లీషు పేరు చెప్పగానే, ‘అంటే మన కొమ్ము పురుగేనాండీ?’ అని అందుకోవాలి. ‘ఆయ్, అదేనండి’ అన్న జవాబుతో కొబ్బరితోట ఉన్నవాడి చెవి నిలబడుతుంది. తమిళనాడు తంజావూరు డెల్టాలో ఏడీటీ-27 వరిని రైతులు ‘రేడియో వరి’ అని పిలుచుకున్నారు. ఆ విత్తనం గురించి వాళ్లు రేడియోలో విన్నారు మరి. మార్టేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణకు అటువంటి ముద్దుపేరు పడలేదు గానీ, సార్వాకూ దాళ్వాకూ నారు పోసే వేళ చెప్పే కబుర్లు కోనసీమ కాలవగట్ల మీద గట్టిగానే చెల్లాయి.

వాతావరణ సూచన కార్యక్రమంలా వినిపించదు. భావం లేని గొంతుతో, ఒకే మూసలో చదువుతారు. ఓడలరేవు, అంతర్వేది వైపు వేటకు పోయేవాళ్లకు రోజంతటిలో ముఖ్యమైన మాట అదే. కాకినాడ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు, వేటకు వెళ్లొచ్చా, వెళ్లకూడదా? బీబీసీ రేడియో ఫోర్‌లో ఓడలకోసం చదివే వాతావరణ సూచనను సముద్రం చూడనివాళ్లు కూడా జోలపాటలా వింటారని ప్రసిద్ధి. ఇక్కడి సూచనను జోలపాటగా విన్నవాళ్లు ఎవరూ లేరు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను తాకి, కరెంటు స్తంభాలూ కొబ్బరిచెట్లూ కలిసి కూలినప్పుడు బయటి ప్రపంచంతో మిగిలిన తాడు బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరు.

రాత్రి ప్రసారంలో నాటకాలు, ప్రసంగాలు, శాస్త్రీయ సంగీతం. రేడియో నాటకంలో మనిషి నడిచి వస్తున్నాడని చెప్పడానికి చెప్పుల చప్పుడు, గుమ్మం కిర్రుమన్న శబ్దం చాలు. నండూరి సుబ్బారావు వంటివారు గొంతుతోనే వయసూ ఒళ్లూ చూపించారు.

2023లో సంస్థ ‘ఆలిండియా రేడియో’ అన్న పేరు వదిలి అన్నిచోట్లా ఆకాశవాణి అనే అనాలని నిర్ణయించుకుంది. తెలుగువాళ్లు ఎప్పుడూ అంటున్నది అదే గనక ఇక్కడ పెద్దగా మారిందేమీ లేదు. ప్రసారాలు ఇప్పుడు ఫోనులోని యాప్‌లోనూ వస్తాయి. మీడియం వేవ్ మీద మాత్రం పొద్దుగూకాక పాత తంతే. పగలు తరంగాలను మింగే ఆకాశపు పొర రాత్రికి పలచబడుతుంది, దూరపు కేంద్రాలు వచ్చి దగ్గరివాటి మీద పడతాయి. గరగరల మధ్య ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, మళ్లీ 837 దగ్గర ఆపాలి.