పచ్చిక వెంట కథ: దశమ స్కంధంలో మేత, ఋతువు, గోపజీవనం

వ్యాససంగ్రహం

భాగవత దశమ స్కంధంలోని బృందావన కథలను భక్తి దృష్టితోనో, అలంకార దృష్టితోనో చదవడం మన విమర్శలో స్థిరపడిన పద్ధతి. ఆ కథల్లోని ఋతువర్ణనలను కావ్యాంగమైన వర్ణనలుగా లెక్కించడం కూడా అలాంటిదే. పచ్చిక మేతపై ఆధారపడిన ఒక మంద బ్రతుకు ఈ కథలకు ఆధారంగా ఉందనీ, లీలలు చాలావరకు మేత, నీరు సంకటంలో పడిన సందర్భాల్లోనే జరుగుతాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోతన తెలుగు భాగవతాన్ని వ్యాసమూలంతోనూ, వలస ఘట్టంలో హరివంశంతోనూ పోల్చి ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పోతన, దశమ స్కంధం, హరివంశం, ఋతువర్ణన, గోపాలన, పచ్చిక, గోవర్ధనోద్ధరణం, పర్యావరణ విమర్శ.

1. ప్రవేశిక

తెలుగులో పర్యావరణ విమర్శ పేరుతో వస్తున్న వ్యాసాలు ఎక్కువగా ఆధునిక కవిత్వాన్నీ కథనూ ఆశ్రయిస్తున్నాయి. ప్రాచీన కావ్యాల జోలికి వెళ్ళినప్పుడు నదులు, వృక్షాలు, పక్షుల పేర్లను పట్టికగా కూర్చి ‘ప్రకృతి ప్రేమ’ అనే నిర్ణయానికి వస్తున్నాయి. దీనికి కారణం ఋతువును అష్టాదశ వర్ణనల్లో ఒకటిగా చూడడం. వర్ణన అనగానే అది కథాగమనానికి బయట నిలిచిన అలంకారమనే భావన మనలో పాతుకొనిపోయింది. వర్ణన దగ్గర కథ ఆగుతుందనీ, అది ముగిశాక మళ్ళీ సాగుతుందనీ అనుకుంటాం.

దశమ స్కంధంలోని బృందావన భాగానికి ఈ లెక్క కుదరదు. పశువులను మేపి బ్రతికే జనానికి ఋతువు అంటే మేత ఎక్కడ దొరుకుతుంది, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, మందను ఎంత దూరం తోలాలి అన్న ప్రశ్నలే. ఆ ప్రశ్నలే ఇక్కడ కథను నడుపుతాయి. ఈ విషయాన్ని ఐదు ఘట్టాల ద్వారా చూద్దాం.

2. వలసకు కారణం

నందుని మంద గోకులాన్ని విడిచి బృందావనానికి తరలిపోవడం భాగవతంలో ఉపనందుడనే వృద్ధ గోపుని సలహాతో జరుగుతుంది. పూతన మొదలు మద్దిచెట్లు కూలడం వరకు వరుసగా వచ్చిన ఉత్పాతాలు అతడు చెప్పే మొదటి కారణం. అయితే ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నకు అతని జవాబు పూర్తిగా పశుపాలకునిది. కొత్త అడవి, పుణ్యమైన కొండ, గడ్డి, తీగలు ఉన్న చోటు పశువులకు అనుకూలమని అతడు నిర్ణయిస్తాడు. మంద బండ్లమీద కదులుతుంది. చేరిన చోట బండ్లను అర్ధచంద్రాకారంగా నిలిపి నివాసం ఏర్పరచుకొంటుంది. చక్రాలమీద కదలగల ఊరు అది.

ఇదే ఘట్టాన్ని హరివంశంలో చూస్తే ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన తెనిగించిన ఈ గ్రంథపు సంస్కృత మూలంలో వలస ఆలోచన కృష్ణునిదే. ఈ అడవిని గోపులు అనుభవించి అరగదీశారనీ, కట్టె, గడ్డి కరిగిపోయాయనీ, చెట్లు నరికివేతకు గురయ్యాయనీ అతడు అన్నకు చెబుతాడు. కదలడానికి ఇష్టపడని మందను కదిలించడానికి తన శరీరం నుండి తోడేళ్ళను పుట్టిస్తాడు. అంటే హరివంశంలో వలసకు అసలు కారణం మేత తరిగిపోవడం, భయం సాధనం మాత్రమే. భాగవతంలో భయమే కారణమైంది. మేత గమ్యాన్ని నిర్ణయించే అంశంగా మిగిలింది.

ఈ మార్పు సామాన్యమైనది కాదు. ఒక జనసమూహం తన మేతభూమిని తానే అరగదీసుకొన్న వాస్తవం భక్తికావ్యంలో వెనక్కి తగ్గి, రాక్షసుల కథ ముందుకు వచ్చింది. అయినా ఉపనందుని నోట గడ్డి ప్రస్తావన చెరిగిపోలేదు. భాగవతాన్ని హరివంశం పక్కన పెట్టి చదివితే ఆ ఒక్క ప్రస్తావన వెనుక ఉన్న పాత కథ స్పష్టమవుతుంది.

3. దూడల మేత, ఆవుల మేత

బృందావనం చేరాక రామకృష్ణులు మొదట దూడలనే కాస్తారు. వయస్సు పెరిగి పెద్దల సమ్మతి లభించిన తరువాతనే ఆవుల వెంట వెళతారు. దూడలు పల్లె దగ్గరలో, ఆవులు కొండమీద మేస్తాయి. దూడకూ తల్లికీ మధ్య దూరం పాటించడం పాలమీద బ్రతికే ఇంటికి తప్పనిసరి ఏర్పాటు. ఈ ఏర్పాటు తెలియకపోతే బ్రహ్మ దూడలను అపహరించిన కథలోని కీలకం అర్థం కాదు.

ఆ కథలో బాలకులు ఇసుకతిన్నెమీద చల్ది తింటుండగా దూడలు గడ్డి ఆశతో అడవిలోకి దూరంగా పోతాయి. బ్రహ్మకు అవకాశం దొరికింది ఆ గడ్డి వల్లనే. ఆ పైన కృష్ణుడే దూడలుగా, బాలకులుగా మారి ఏడాది గడుపుతాడు. ఒకనాడు గోవర్ధన శిఖరాన మేస్తున్న ఆవులు పల్లె దగ్గర మేస్తున్న ఆ దూడలను చూసి దారి తప్పి కిందికి పరుగెత్తుతాయి. తరువాతి ఈతలో పుట్టిన లేగలు ఉన్నా, పాలు మాన్పిన పెద్ద దూడలకు పాలిస్తాయి. కాపరులు ఆపలేకపోతారు. బలరామునికి అనుమానం మొదలయ్యేది ఇక్కడే. అద్భుతం గుర్తింపబడింది శాస్త్రంచేత కాదు, ధ్యానంచేత కాదు. పశువుల నడవడిలో కలిగిన మార్పుచేత. కొత్త ఈత ఈనిన ఆవు పాత దూడను దగ్గరికి రానీయదన్న సాధారణ జ్ఞానం శ్రోతకు ఉంటేనే ఈ సన్నివేశం పండుతుంది.

పోతన ప్రత్యేకత ఈ జ్ఞానాన్ని తెలుగు నేలకు తెచ్చుకోవడంలో ఉంది. చల్ది తినే సన్నివేశంలో వేళ్ళ మధ్య ఊరగాయలు నిలుపుకొని తోటివారిని ఊరించే పిల్లలు తెలుగు పసులకాపరులే. దూరాన ఉన్న పశువులను కృష్ణుడు పేర్లతో పిలిచాడని మూలం ఒక్క మాటలో చెప్పి ఊరుకొంటుంది. పోతన ఆ పేర్లన్నిటినీ ఒక సీసపద్యంలో పిలిపిస్తాడు. అందులో నదులు, వెన్నెల, మేఘం, భూమి, దేవతలు ఆవుల పేర్లవుతాయి. ఆవును దేవతగా కొలిచే శ్లోకంలా కాక, మందలోని ఒక్కొక్క ఆవును విడిగా ఎరిగిన కాపరి కేకలా ఆ పద్యం నడుస్తుంది. పోతన హాలికుడన్న జనశ్రుతిని నమ్మినా నమ్మకపోయినా, ఈ పద్యం మాత్రం మంద వెంట నడిచినవారి అనుభవానికి దగ్గరగా ఉంది.

4. వేసవి: నీరు, నిప్పు

ధేనుకాసుర వధను సాధారణంగా తాటిపండ్ల కోసం జరిగిన సాహసంగా చెబుతారు. మూలం చివర మరొక ఫలితాన్ని కూడా పేర్కొంటుంది. రాక్షసుడు చచ్చిన తరువాత మనుషులు భయం లేకుండా పండ్లు తిన్నారు, పశువులు ఆ వనంలో గడ్డి మేశాయి. భయంవల్ల మూతపడి ఉన్న ఒక మేతభూమి తెరుచుకొంది.

వెంటనే వచ్చేది కాళియుని కథ. దానికి నాంది వేసవి ఎండ. దప్పికకు తాళలేక ఆవులు, గోపబాలురు విషజలం తాగి పడిపోతారు. మడుగును విడిచి సముద్రానికి పొమ్మని కృష్ణుడు కాళియుని ఆజ్ఞాపించేటప్పుడు చెప్పే కారణం గమనార్హం. ఈ నదిని గోవులూ మనుషులూ వాడుకోవాలి. ఫణాలపై నాట్యాన్ని ఎన్నోసార్లు వ్యాఖ్యానించిన మనం ఈ చిన్న వాక్యాన్ని పట్టించుకోలేదు. నీటిమీద ఉమ్మడి హక్కును ప్రకటించే వాక్యమది. ఆ హక్కుదారుల్లో పశువులకు కూడా చోటుంది.

మూడవది ముంజాటవి కథ. బాలకులు ఆటలో మునిగి ఉండగా పశువులు గడ్డి ఆశతో అడవినుండి అడవికి పోయి, రెల్లువంటి పొడవైన గడ్డి పెరిగిన చోట చిక్కుకొంటాయి. జీవనాధారం పోయిందని కాపరులు తల్లడిల్లుతారు. గిట్టల గుర్తులను, పళ్ళతో కొరికిన, గిట్టలతో తెగిన గడ్డిని చూసుకొంటూ జాడ తీస్తారు. తరువాత కార్చిచ్చు చుట్టుముడుతుంది. వేసవిలో ఎండిన గడ్డి ఒకవైపు మేత, మరొకవైపు నిప్పుకు ఇంధనం. పశువులను కాచేవారికి ఈ రెండూ తెలుసు. మూలం ఇక్కడ మేకలనూ గేదెలనూ కూడా ఆవులతోపాటు పేర్కొంటుంది. మన పటాల్లో, క్యాలెండర్లలో నిలిచిన తెల్లని ఆవుల మంద ఈ మిశ్రమ మందను మరిపించింది. గ్రంథం మరువలేదు.

5. వర్షం, శరత్తు

వర్షర్తు వర్ణనలో ప్రతి దృశ్యమూ ఒక తాత్త్విక ఉపమానంతో ముడిపడి ఉంటుంది. గడ్డి కప్పిన బాటలను అభ్యాసం లేక సందేహాస్పదమైన వేదాలతో పోల్చడం ప్రసిద్ధం. దీన్ని చూపి ఈ వర్ణనకు అసలు లక్ష్యం తత్త్వబోధ మాత్రమేనని వాదించవచ్చు. ఆ వాదంలో నిజముంది. కాని ఉపమానం పనిచేయాలంటే తెలిసినదాని నుండి తెలియనిదానికి నడవాలి. వానల్లో బాటను గడ్డి ఎంత త్వరగా మింగుతుందో ఎరిగిన శ్రోతకే వేదవిస్మృతి కళ్ళకు కడుతుంది. తత్త్వం పచ్చికమీద నిలబడి మాట్లాడుతోంది.

అదే వర్ణనలో ఉపమానం అవసరంలేని దృశ్యాలూ ఉన్నాయి. బరువైన పొదుగులతో మెల్లగా నడిచే ఆవులు పిలుపు విని చేపుకొంటూ వేగంగా వస్తాయి. కడుపునిండిన ఎద్దులు, దూడలు, ఆవులు పచ్చికమీద పడుకొని కళ్ళు మూసి నెమరు వేస్తాయి. శరత్తులో రైతులు మడిగట్లు గట్టిచేసి నీరు నిలుపుకొంటారు. ఆవులు, లేళ్ళు, పక్షులు గర్భం ధరించేది ఆ కాలంలోనే. వేసవిలో కరువైన మేత వానలతో పుష్కలమై, పాలుగా మారి, శరత్తులో మందకు కొత్త తరాన్ని ఇస్తుంది. ఈ క్రమం అలంకారంగా పుట్టినది కాదు.

6. గోవర్ధనం: ఋణం ఎవరికి?

ఇంద్రయాగ చర్చలో నందుని వాదం సూటిగా ఉంటుంది. మనిషి శ్రమకు ఫలమిచ్చేది వాన, వానకు అధిపతి ఇంద్రుడు, కనుక పూజ. కృష్ణుని జవాబులోని కర్మసిద్ధాంతంమీద వ్యాఖ్యాతలు చాలా చెప్పారు. ఆ తరువాతి భాగం మన చర్చకు ముఖ్యం. వ్యవసాయం, వాణిజ్యం, గోరక్షణ, వడ్డీ వ్యాపారం అనే నాలుగు వృత్తుల్లో తమది గోవృత్తి అని అతడంటాడు. తమకు పురాలు, జనపదాలు, గ్రామాలు, ఇళ్ళు లేవనీ, అడవిలో కొండల్లో బ్రతికేవారమనీ గుర్తుచేస్తాడు. వాన ప్రకృతి గుణంచేత అంతటా కురుస్తుంది, అందులో ఇంద్రుడు చేసేదేమిటని అడుగుతాడు. యాగద్రవ్యాలను ఇంద్రునికి బదులు కొండకు అర్పించమనీ, ఆవులకు గడ్డి పెట్టమనీ చెబుతాడు.

ఇది వానను కాదనడం కాదు. కురిసిన వానను ఊటగా, పచ్చికగా మార్చి నిలిపే నేలకు తమ ఋణం చెల్లించాలని కోరడం. ఈ అర్థానికి గ్రంథంలోనే ఆధారముంది. అంతకుముందే వేణుగీత సందర్భంలో గోపికలు గోవర్ధనాన్ని హరిదాసుల్లో శ్రేష్ఠమని పొగుడుతూ, నీరు, మంచి గడ్డి, గుహలు, కందమూలాలు ఇచ్చి గోవులను, గోపులను ఆదరిస్తుందంటారు. తరువాత గొడుగై నిలిచే కొండ ముందుగా మేతభూమిగా పరిచయమైంది. స్త్రీలు పాటలో చెప్పిన మాటను కృష్ణుడు సభలో వాదంగా నిలబెట్టాడు. ఏడు రోజుల రాళ్ళవానలో వణికిన పశువులకు ఆశ్రయమిచ్చినది కూడా అవి రోజూ మేసిన కొండే. దాన్ని ఎత్తిన చేతి మహిమ ఇందువల్ల తగ్గదు. ఆ చెయ్యి ఈ కొండనే ఎందుకు ఎత్తిందో తెలుస్తుంది.

7. పరిమితులు

ఈ చదువుకు హద్దులున్నాయి. కథల వరుస ఏడాది క్రమాన్ని నిక్కచ్చిగా పాటించదు. హేమంతంలో జరిగే కాత్యాయనీ వ్రతం వెంటనే మూలంలో మళ్ళీ వేసవి ఎండ వస్తుంది. హేమంత వర్ణన గోపికల వ్రతానికి నేపథ్యమైందే తప్ప మంద చలికాలాన్ని ఎలా గడిపిందో చెప్పదు. వయసు మీరిన ఆవులేమయ్యాయో, కోడెదూడలు ఎటు వెళ్ళాయో గ్రంథం చెప్పదు. వేసవిలోనూ బృందావనం సెలయేళ్ళ తడితో వసంతంలా పచ్చగా ఉందని చెప్పి మేతకొరతనే తుడిచివేస్తుంది. ఇది ఆదర్శీకరణ. ఐతే దప్పిక, జాడ తప్పిన మంద, కార్చిచ్చు ఆ ఆదర్శాన్ని పదేపదే చీల్చుకొని బయటపడుతూనే ఉంటాయి. ఈ వైరుధ్యాన్ని దాచకుండా చూపడమే విమర్శ పని.

8. ముగింపు

పశుపాలకుల బ్రతుకునుండి పుట్టిన కథను తీసుకొని, అందులోని పశుపాలనను సంకేతంగా మాత్రమే మిగల్చడం వల్ల రెండు నష్టాలు జరిగాయి. ఋతువర్ణన అలంకారశాస్త్రపు లెక్కల్లోకి పోయింది. మంద మేపే జనాల జ్ఞానం సాహిత్య చరిత్ర నుండి జారిపోయింది. దశమ స్కంధాన్ని పచ్చిక వెంట నడిచి చదివితే భక్తికి లోటు రాదు. గోవిందుడన్న పేరులోని గోవు మళ్ళీ మేస్తూ, దప్పికగొంటూ, నెమరువేస్తూ కనిపిస్తుంది. ఊరి బంజర్లు, మంద బయళ్ళు కుంచించుకుపోతున్న ఈ కాలంలో, పూజ ఆకాశానికి కాదు, మేతనిచ్చే కొండకు చేయాలన్న ఆ పాత వాదాన్ని మళ్ళీ వినవలసిన అవసరం పరిశోధకులకూ ఉంది.