పెండ్లిపందిటి నాదము

మన ప్రాంతమున సన్నాయి వినని చెవి లేదు. శ్రద్ధతో విన్న చెవులు మాత్రము మిక్కిలి తక్కువ. పందిటిలో నాదస్వరము మ్రోగుచుండగా మనము పత్తి ధర, మిరప ధర ముచ్చటించుకొందుము. ఒంగోలు చెంతనున్న కరవదిలో 1924లో జనించిన షేక్ చినమౌలానా సాహెబు తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగమున స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదము నందెను. ఆయన శిష్యులగు మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది.

వీరి రికార్డులను మిత్రులకు వినిపించినపుడెల్ల మేము వినుచున్న మొదటి మాట యొక్కటే: "ముసల్మానులై యుండియు రామకీర్తనలు వాయించుచున్నారే!" ఈ మెచ్చుకోలున ఔదార్యము కలదు గాని విమర్శ లేదు. మతమును జూచి యబ్బురపడువాడు రాగమును వినుట మరచును. ఒక స్వరమును దీర్ఘశ్వాసముతో నిలిపి, అందుండి రాగమును మెల్లగా విప్పు నేర్పు ఏ మతమునకును సొత్తు గాదు; అది సాధనాఫలము. పురుషులకే చెల్లునని లోకమెంచిన వాద్యమును కాలీషాబీ చేపట్టుటయు గొప్పయే. కాని ఆమెను స్త్రీయని మెచ్చి యూరకుండుట వినుట కాజాలదు.

కావున చదువరులకు మా విన్నపము: క్రొత్త నాదము దొరకినచో దాచుకొనక పదుగురను గూర్చి వినిపింపుడు. ముందు వాయించినవారి పేరు చెప్పుడు. మతప్రసంగమును ఆలాపన ముగిసినపిదపకు నిలుపుడు. రాబోవు పెండ్లిలో, తాళికట్టు ముగిసినపిదపనైనను, ఒక్క గడియ మాటలాపి వినుడు. ఆ సన్నాయి వాయించువానికి సంభావనకంటె నదియే గొప్ప సత్కారము.