పిలవని స్మృతి, పిలిచిన స్మృతి: ‘స్పీక్’ నవలా కథన పరిశీలన

‘ఫ్లాష్‌బ్యాక్’ అనే మాట తెలుగు సాహిత్య విమర్శలో కథన శిల్పానికి చెందిన పదంగా స్థిరపడింది. నడుస్తున్న కథను ఆపి, అవసరమైన గతాన్ని రచయిత తన ఇచ్ఛానుసారం ప్రవేశపెట్టే పద్ధతి అది. మనోవైద్యంలో ఇదే మాట దాదాపు వ్యతిరేకార్థాన్ని ఇస్తుంది. అక్కడ గతం ఎవరి అనుమతీ లేకుండా వచ్చి పడుతుంది. ఒక వాసనో స్పర్శో తగిలినంత మాత్రాన బాధితురాలు జరిగినదాన్ని గుర్తు చేసుకోవడం కాక, మళ్లీ అనుభవిస్తుంది. లైంగిక దాడి అనంతర జీవితాన్ని వస్తువుగా స్వీకరించే రచయిత ఈ రెండర్థాల మధ్య దూరాన్ని శిల్పపరంగా ఎదుర్కోక తప్పదు. అమెరికన్ రచయిత్రి లారీ హాల్స్ ఆండర్సన్ 1999లో వెలువరించిన ‘స్పీక్’ నవల ఈ దృష్టితో పరిశీలించదగినది.

కథకురాలు మెలిండా సార్డినో. తొమ్మిదో తరగతిలో చేరడానికి ముందు వేసవిలో, ఒక విందులో ఆండీ ఎవాన్స్ అనే పెద్ద తరగతి విద్యార్థి ఆమెపై అత్యాచారం చేస్తాడు. ఆమె పోలీసులకు ఫోను చేస్తుంది కాని విషయం చెప్పలేకపోతుంది. విందును భగ్నం చేసిందన్న కోపంతో పాఠశాల అంతా ఆమెను వెలివేస్తుంది. విద్యా సంవత్సరంలోని నాలుగు మూల్యాంకన కాలాలే నవలలోని నాలుగు భాగాలు. కథనం ఉత్తమ పురుషలో, వర్తమాన కాలంలో, చిన్నచిన్న ఖండికలుగా సాగుతుంది. దాడి వృత్తాంతం మూడో భాగం వరకు పాఠకునికి పూర్తిగా అందదు. ఈ జాప్యం ఉత్కంఠ కోసం పన్నిన ఉపాయం కాదు. కథకురాలికే ఇంకా వశం కాని గతాన్ని ఆమె వరుసగా చెప్పలేదు.

జీవశాస్త్ర తరగతిలోని కప్ప ఘట్టం ఇందుకు నిదర్శనం. వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకు సూదులు గుచ్చిన కప్పను కోయబోయే క్షణంలో మెలిండా ఆ కోతను తన దేహంలో అనుభవిస్తుంది. స్పృహ తప్పి పడిపోతుంది. ఇక్కడ ‘ఆనాడు’ అనే మాటకు చోటు లేదు. గతమూ వర్తమానమూ ఒకే కాలంలో, ఒకే వాక్య ప్రవాహంలో కలిసిపోతాయి. పూర్వవృత్తాంతం ఇంకా తెలియని పాఠకునికి కూడా ఆ కల్లోలం అందుతుంది, కారణం అందదు. మెలిండా స్థితీ అంతకు భిన్నం కాదు: దేహం స్పందిస్తుంది, మాట రాదు.

నవల చివర ఆండీ మళ్లీ దాడికి దిగినప్పుడు మెలిండా అరుస్తుంది, ఎదిరిస్తుంది. మౌనం నుంచి కేకకు సాగిన ప్రయాణంగా నవలను చదవడం సులభం. ఆ పఠనంలో ఒక ప్రమాదం ఉంది. రెండోసారి కేక ఆమెను కాపాడిందంటే, మొదటిసారి కేక వేయకపోవడం ఆమె లోపమన్న ధ్వని వస్తుంది. మొదటి దాడిలో నిరాకరణ ఆమె మనసులో స్పష్టంగా ఉంది, గొంతు పెగలలేదు. ఆపై అతడి చేయి ఆమె నోటిని మూసింది. భయంతో దేహం కొయ్యబారడం సమ్మతి కాదు, పిరికితనమూ కాదు. “ఎందుకు అరవలేదు?” అనే పాత ప్రశ్నకు విమర్శ తెలియకుండానే వత్తాసు పలకరాదు.

నవలలోని ఘటనాక్రమమే ఆ పఠనాన్ని సవరిస్తుంది. చివరి దాడికి ముందే మెలిండా ఒంటరిగా సైకిలు మీద తొలి దాడి జరిగిన చోటికి వెళుతుంది, అక్కడి చెట్టు మొదట కూర్చుంటుంది. కప్ప ఘట్టంలో గతం ఆమెపై విరుచుకుపడింది. ఇక్కడ ఆమె గతం దగ్గరకు నడిచి వెళుతుంది. స్మృతి అదే, అధికారం చేతులు మారింది. నవలలో స్వస్థతకు అసలు మలుపు ఇదే. ఏడాది పొడవునా దాగిన పాత సామాన్ల గది ఇక అక్కరలేదని, దాన్ని ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడే రెండో దాడి జరుగుతుంది. అంటే ఆమె కోలుకోవడం కేకకు ఫలితం కాదు, పూర్వరంగం.

ఆ పూర్వరంగాన్ని నిర్మించినది చిత్రకళా తరగతి. ఉపాధ్యాయుడు ఫ్రీమన్ ఇచ్చిన ‘చెట్టు’ అనే అంశంతో ఆమె ఏడాదంతా కుస్తీ పడుతుంది. విందు భోజనంలో మిగిలిన టర్కీ ఎముకలతో చేసిన శిల్పంలో నోటికి టేపు అంటించిన బొమ్మ తలను అమరుస్తుంది. చెప్పలేనిది ముందు రూపంగా బయటపడింది. చివరి పెనుగులాటలో అద్దాన్ని పగులగొట్టడానికి ఆమె చేతికి దొరికినది ఆ శిల్పానికి పీఠమైన చెక్కముక్కే కావడం అర్థవంతం.

జూడిత్ హెర్మన్ ‘ట్రామా అండ్ రికవరీ’ (1992) గ్రంథంలో స్వస్థతకు మూడు దశలు చెప్పింది: భద్రత, స్మరణ–శోకం, సమాజంతో పునస్సంబంధం. మెలిండా కథలో సామాన్ల గది, చెట్టు మొదలు, ఫ్రీమన్‌తో సంభాషణ స్థూలంగా ఈ దశలకు సరిపోతాయి. అయితే మూడో దశ బాధితురాలి చేతిలో మాత్రమే లేదు. స్నేహితురాలు రేచల్‌కు ఆమె కాగితంపై రాసి నిజం తెలిపినప్పుడు, నేరస్థుడి పేరు చూడగానే రేచల్ నమ్మక, ఆమెను అబద్ధాలకోరంటుంది. శీర్షికలోని ఆజ్ఞ మెలిండాను మాట్లాడమంటుంది. వినవలసినవారికి అటువంటి ఆజ్ఞ లేదు. ఆమె మాటకు సాక్ష్యంగా రెండో దాడి అవసరం కావడం నవలా నిర్మాణంలోని లోపం. అది సమాజ లోపానికి ప్రతిబింబం కూడా.

సామాన్ల గదిలో అద్దాన్ని కప్పుతూ మెలిండా అంటించిన చిత్రం మాయా ఏంజెలోది. 1969 నాటి ఆత్మకథలో ఏంజెలో, బాల్యంలో అత్యాచారానంతరం తాను మౌనంలో గడపడాన్ని, బెర్తా ఫ్లవర్స్ అనే మహిళ పుస్తకాలిచ్చి బిగ్గరగా చదవమని ప్రోత్సహించడాన్ని చెప్పింది. అక్కడ ఫ్లవర్స్, ఇక్కడ ఫ్రీమన్ – ఇద్దరూ ఏం జరిగిందని నిలదీయలేదు. తొందరపెట్టకుండా, మాటకు ముందు ఒక మాధ్యమాన్ని చేతికిచ్చారు. నవల మెలిండా కేకతో గాక, ఫ్రీమన్‌కు ఆమె కథ చెప్పడం మొదలుపెట్టే క్షణంతో ముగుస్తుంది. అక్కడ గతం తొలిసారి సాహిత్యార్థంలో ఫ్లాష్‌బ్యాక్ అవుతుంది: ఎప్పుడు, ఎవరికి, ఎంతవరకు చెప్పాలో ఇప్పుడు కథకురాలే నిర్ణయిస్తుంది.