శోధన, మరులు, ఎర: యాకోబు 1:14 పై ఒక పరిశీలన

మన సంఘాలలో జ్వరం వచ్చినా శోధనే, అప్పులపాలైనా శోధనే, లంచం పుచ్చుకొన్నా శోధనే. ఒకే మాట ఇన్నిటిని మోస్తే కలిగే నష్టం యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలోనే కనబడుతుంది.

చిక్కు గ్రీకులోనూ ఉన్నది. 'పెయిరాస్మోస్' అంటే పరీక్ష అనీ, పాపానికి లాగే ప్రేరణ అనీ రెండర్థాలు. యాకోబు 2, 12 వచనాలలో సహించవలసిన పరీక్షను గూర్చి చెప్పి, 13లో అదే ధాతువుకు చెందిన క్రియతో దేవుడు ఎవరినీ పాపానికి లాగడని స్పష్టం చేస్తాడు. ఆదికాండము 22:1లో అబ్రాహాము విషయమై సెప్టువజింట్ వాడినదీ ఈ క్రియే. అక్కడ మన అనువాదకులు 'పరిశోధించు' అన్నారు. యాకోబు 12, 13 వచనాల మధ్య మాత్రం అటువంటి భేదం పాటించలేదు.

ఇక 14వ వచనం. ఇక్కడి 'దెలెయాజో' అనే క్రియ 'దెలెయార్' నుండి వచ్చింది. దెలెయార్ అంటే ఎర. తెలుగు బైబిలు దీనిని 'మరులు కొల్పబడు' అన్నది. మరులంటే మోహం. 15వ వచనంలో దురాశ గర్భము ధరిస్తుంది గనుక ఈ మాట దానితో చక్కగా అతుకుతుంది. అంతవరకు అనువాదకులను మెచ్చుకోవలసిందే. కాని ఎర పోయింది. మరులుకొన్నవానిపై మనకు జాలి కలుగుతుంది. ఎర అన్నప్పుడు గాలం ఉన్నది, దానిని వేసినవాడూ ఉన్నాడు.

యాకోబులో గాలం వేసేది మనిషి స్వంత దురాశ. 2 పేతురు 2:14, 18లో అదే క్రియకు కర్తలు అబద్ధ బోధకులు. చిక్కేవారు అస్థిరులు, దుర్మార్గం నుండి ఇప్పుడిప్పుడే తప్పించుకొంటున్నవారు. నింద ఎవరిమీద ఉన్నదో సందేహం లేదు. అయినను, ఆదరణ కొరకు వచ్చిన స్త్రీని ఒక సేవకుడు లోబరచుకొంటే, 'సేవకునికి శోధన వచ్చింది, ప్రార్థించండి' అని పెద్దలు ప్రకటించడం వింటూనే ఉన్నాము. ఆ ఒక్క వాక్యంలో గాలం వేసినవాడు చేప అయ్యాడు, చిక్కిన ఆమె ఎర అయ్యింది! 12వ వచనంలోని జీవకిరీటపు వాగ్దానం కూడా అతనికే చదివి వినిపిస్తారు.

పాత పాఠాన్ని మార్చనక్కరలేదు. ప్రసంగంలో 12 దగ్గర 'పరీక్ష' అనీ, 14 దగ్గర 'ఎర' అనీ వివరిస్తే చాలు. గోదావరి, కృష్ణా ఒడ్డున ఉన్న సంఘాలకు గాలమంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు.