కైఫియత్తుల పక్కన మిగిలిన కాగితాలు

అమరావతి శిల్పాన్ని మెచ్చుకోని తెలుగువాడు ఉండడు. ఆ శిల్పంలో మాయమైన భాగాన్ని మనకు దక్కించిన కాగితాల ఊసెత్తేవాళ్లే అరుదు.

వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కొత్త పట్టణానికి రాళ్లు కావలసి అమరావతి స్తూపం దిబ్బను, అంటే దీపాలదిన్నెను, తవ్వారంటారు. 1790ల చివర కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ దాన్ని తొలిసారి చూశాడు. 1816లో తిరిగొచ్చేసరికి దిబ్బ నడిమి భాగం చెరువైపోయింది. రాళ్లు కొన్ని గోడల్లో చేరాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలాయి.

అప్పుడు మెకంజీ చిత్రకారులు చేసిన పని చూడండి! వాళ్లది సర్వే శాఖలో ఆరితేరిన చెయ్యి. రాతి విరిగిన అంచును విరిగినట్టే గీశారు, అందం కోసం అతికించలేదు. దిబ్బ పటం గీసి రాళ్ల స్థానాలు చూపారు. హామిల్టన్, న్యూమన్ వంటివాళ్లు ఆ బొమ్మల మీద పేరు, తేదీ వేశారు. ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఆ బొమ్మల ఆల్బమ్‌లో కనిపించే రాళ్లలో కొన్నింటికి వేరే ఆనవాలే లేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్ల సంగతో? 1845లో కంపెనీ అధికారి ఎలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు చేర్చాడు గాని, ఏది ఎక్కడ దొరికిందో తెలిపే సరైన లెక్క మనకు మిగల్లేదు. 1880లో గవర్నరు బకింగ్‌హామ్ హయాంలో చోటంతా ఊడ్చిపెట్టినట్టు తవ్వేశారు. ఆ మరుసటేడు వచ్చిన పురావస్తువేత్త బర్జెస్‌కు మిగిలింది చిందరవందరే. నా ఓటు ఎప్పటికీ మెకంజీ మనుషులకే.

వాళ్లలో ఏలూరు కావలి సోదరులు మరీ ఘనులు. బొర్రయ్య పాత కన్నడ శాసనాలను చదివి దొరనే ఆశ్చర్యపరిచాడు, 1803లో చిన్న వయసులోనే పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఊరూరా మనుషుల్ని పంపి, కరణాల దగ్గరి కవిలెలకు, అంటే ఊరి దస్త్రాల కట్టలకు, నకళ్లు రాయించాడు. అలా పోగైన ఊరి చరిత్రలే కైఫియత్తులు. కరణం కవిలె కట్ట విప్పడమంటే మాటలా? అనుమానపడేవాళ్లను ఒప్పించాలి, శాసనం ఎక్కడుందో రాబట్టాలి, అక్షరం జారకుండా దించాలి. నిట్టల నయనయ్య వంటి సేకర్తలు ఎక్కడికి వెళ్లిందీ, ఎవరు కాదన్నదీ, ఏం దొరికిందీ నివేదికలుగా రాసి పంపారు. మన పురావస్తు శాస్త్రం ఎవరి కాళ్ల మీద నడిచిందో చెప్పే సాక్ష్యం అదే. తర్వాత కైఫియత్తులను వాడుకున్నవాళ్లు ఆ నివేదికలను పనికిరాని కాగితాల్లా పక్కకు నెట్టారు.

1821లో మెకంజీ పోయాక, మిగిలిన పని నేను సాగిస్తానని లక్ష్మయ్య అడిగాడు. 1830లలో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కాదంది. పోగుచేయడానికి దేశీయుడు చాలు, విమర్శకు చాలడన్నది వాళ్ల లెక్క. ఎంత అన్యాయం! పురుగు తింటున్న కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించబట్టి సరిపోయింది.

ఇప్పటి స్థల చరిత్రల పుస్తకాలు చూస్తే ఒళ్లు మండుతుంది. ఏ కైఫియత్తులోదో చెప్పరు, ఎవరు సేకరించారో రాయరు, ఒకడు తప్పు వేస్తే పదిమంది అదే తప్పు వేస్తారు. రెండు వందల ఏళ్ల నాటి జీతగాడికి ఉన్న శ్రద్ధ మన డాక్టరేట్లకు లేదు.

విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలవారికి ఒక్క మనవి. కైఫియత్తులు అచ్చువేసేటప్పుడు సేకర్తల నివేదికలనూ తెలుగులో పక్కనే వేయండి, అట్ట మీద లక్ష్మయ్య పేరు వేయండి.