కాళ్ల సత్తువకు తగ్గ ప్రొపెల్లర్

సొంతంగా తొక్కుడు పడవ కట్టుకునేవాళ్లలో చాలామంది ముందు పాత ఔట్‌బోర్డు మోటారు ప్రొపెల్లర్ కోసం వెతుకుతారు. చవగ్గా దొరుకుతుంది, గట్టిగానూ ఉంటుంది. కాకపోతే ఆ వెడల్పాటి మూడు రెక్కలు వేల వాట్ల ఇంజన్ల కోసం చేసినవి. మామూలు మనిషి గంటసేపు ఆగకుండా తొక్కితే ఇచ్చేది 100 వాట్లు, అలవాటున్నవాడైతే 150. వంటింటి మిక్సీ అంతకన్నా బలమైనది.

అంత తక్కువ శక్తిని వృథా చేసుకోకూడదు. కొద్ది నీటిని విసురుగా వెనక్కి నెడితే మన కష్టమంతా ఆ నీటిని పరిగెత్తించడానికే పోతుంది. ఎక్కువ నీటిని మెల్లగా నెడితే అదే తోపు తక్కువ శ్రమతో వస్తుంది. కాబట్టి ప్రొపెల్లర్ పెద్దదిగా ఉండాలి, నిదానంగా తిరగాలి. రెక్కలు రెండు చాలు, అవీ సన్నగా. వెడల్పు పెరిగేకొద్దీ నీటి రాపిడి పెరుగుతుంది.

ఇవి అచ్చం తొక్కుడు విమానాల ప్రొపెల్లర్ల లక్షణాలు. 1979లో బ్రయాన్ అలెన్ తొక్కుతూ ఇంగ్లిష్ చానల్ దాటించిన గోసమర్ ఆల్బట్రాస్ విమానానికి ప్రొపెల్లర్ రూపం ఎంఐటీ ఆచార్యుడు యూజీన్ లారాబీ లెక్కల నుంచి వచ్చింది. 1991లో అదే ఎంఐటీ వాళ్ల డెకావిటేటర్ పడవ ఏకంగా ప్రొపెల్లర్‌ను నీళ్లలోంచి గాల్లోకి ఎత్తేసింది. దాని వ్యాసం సుమారు 3 మీటర్లు. మార్క్ డ్రెలా తొక్కితే 18.5 నాట్లు, అంటే గంటకు 34 కిలోమీటర్లు పోయింది.

మనకంత అక్కర్లేదు. బొమ్మ విమానాలకు వాడే 16 అంగుళాల నైలాన్ ప్రొపెల్లర్ చాలామంది అభిరుచిపరులు బిగించేదే. పిచ్ కూడా 16 అంగుళాలున్నది చూసుకోవాలి. పిచ్ అంటే జారుడు లేకపోతే ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం, ఇక్కడ 40 సెంటీమీటర్లు. నిమిషానికి 60 సార్లు తొక్కి, గేర్లతో ఐదింతలు చేస్తే 300 చుట్లు. లెక్కకు గంటకు 7.2 కిలోమీటర్లు, జారుడు పోగా ఆరూ ఆరున్నర. అక్షరాలున్న ముఖం పడవ వెళ్లే వైపుకే ఉండాలి. తిరగేసి బిగిస్తే తిరుగుతుంది గానీ తోపు బాగా తగ్గిపోతుంది.

సొంతంగా చేసుకోవాలంటే అల్యూమినియం పట్టీని వైసులో బిగించి మెలితిప్పాలి. అసలు పనితనం ఆ మెలికలోనే ఉంది. 40 సెంటీమీటర్ల పిచ్‌కు, ఇరుసు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర కోణం 52 డిగ్రీలు, 14 దగ్గర 24 పైన, 20 దగ్గర, అంటే కొసన, 18. పిచ్‌ను ఆ చోటి చుట్టుకొలతతో భాగిస్తే వచ్చేది కోణం టాంజెంటు. ఒక్కో చోటికి అట్టముక్క కత్తిరించి పెట్టుకుని సరిచూస్తూ తిప్పాలి. తర్వాత ఆకురాయి పని: ముందంచు గుండ్రంగా, వెనకంచు పల్చగా. రెండు రెక్కల కోణాలూ కలవకపోతే ఇరుసు వణుకుతుంది, బేరింగులు త్వరగా పోతాయి.

నీటి అడుగున గేరుబాక్సు పెట్టే తలనొప్పి వద్దనుకుంటే, వంగిన స్ప్రింగు ఉక్కు కడ్డీనే ఇరుసుగా తిప్పే పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియాకు చెందిన రిక్ విల్లోబీ పడవల్లో అది బాగా పేరు తెచ్చుకుంది.

ఇదంతా అర మీటరు పైన లోతున్న నీటికే. మోకాటిలోతు చెరువుల్లో, గుర్రపుడెక్క అల్లుకున్న చోట్ల పార్కు పడవల తెడ్ల చక్రమే నయం.