పుట్ల లెక్క, చెంచాల లెక్క

నెల్లూరు జిల్లా ఆత్మకూరు నుంచి లారీలకు లారీలు ధాన్యం పోతుంది. అదే జిల్లా ఉదయగిరి నుంచి అట్టపెట్టెల్లో చెక్క చెంచాలు పోతాయి. బరువులో రెండింటికీ పోలికే లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ ఊరి సరుకు ఏ పేరుతో గడప దాటుతోందో, దాని ధర ఎవరి నోట వస్తోందో అప్పుడే తేలుతుంది.

ఆత్మకూరు బలం పెన్నా నీళ్లు. చెరువుల కింద బతికిన మాగాణికి 78 టీఎంసీల సోమశిల జలాశయం ఆసరా దొరికింది. ధాన్యం బేరం ఇక్కడ పుట్టి లెక్కన; పుట్టి అంటే 850 కిలోలు. కల్లంలోకి వ్యాపారి వచ్చి గుప్పెడు గింజలు తీసి తేమ చూస్తాడు, తరుగు చెబుతాడు, ధర కూడా అతనే చెబుతాడు. ఆ వడ్లు బియ్యమై సంచికెక్కేసరికి సంచి మీద మిల్లు మార్కు ఉంటుంది, ఊరి పేరుండదు. ఒకప్పుడు నెల్లూరు మొలగొలుకులకు పేరుండేది. ఎన్‌ఎల్‌ఆర్ 34449 రకాన్ని ఇప్పటికీ నెల్లూరు మసూరి అనే పిలుస్తారు. జిల్లాకు దక్కిన ఆ పాటి గౌరవం ఆత్మకూరుకు దక్కలేదు.

ఈ అనామకత కొత్తది కాదు. బ్రిటిషు కాలంలో గూడూరు, రాపూరు, కావలితో పాటు ఆత్మకూరు తాలూకా కూడా అభ్రకం ప్రాంతమే. విద్యుత్ పరికరాల కోసం ఆ రేకులు సముద్రాలు దాటాయి. తర్వాత ప్రత్యామ్నాయాలు వచ్చాయి, పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో కూలింది, గనుల వైభవం పోయింది. తవ్వినవాళ్ల చేతిలో బేరం ఏనాడూ లేదు. మనవాళ్లు చెరకు కొట్టిన మారిషస్, ఫిజీల కథా ఇలాంటిదే. ఐరోపా ఇచ్చిన ప్రత్యేక ధర మీద రెండూ ఏళ్లతరబడి చక్కెర పంపాయి. మారిషస్ మాత్రం 1970లోనే ఎగుమతి మండళ్ల చట్టం చేసి బట్టల తయారీకి మళ్లింది. ముడిసరుకుతో ఆగని దేశానికి తర్వాతి దెబ్బలు తట్టుకునే వీలు చిక్కింది.

ముడిసరుకు దగ్గర ఆగకపోవడమనే ఆ పని ఉదయగిరి తనకు తానే చేసుకుంది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, కల్ది, బిక్కి లాంటి కర్రను ఇంట్లోనే కోసి, రంపంతో రూపు తీసి, ఆకురాయితో నునుపు చేస్తారు. చెంచా పిడి చూడండి: వేలెడు వెడల్పు లేని కర్రలో జాలీ తొలుస్తారు, ఒక చీలిక ఎగిరిందంటే ఆ చెంచా పోయినట్టే. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి చేసే పని ఇది. ఈ సరుకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, లేపాక్షి దుకాణాల్లో 'ఉదయగిరి' పేరుతోనే అమ్ముడవుతుంది.

అయితే చెంచాలను పొగిడి ఊరుకోవడం నాకు నచ్చదు. ఉదయగిరి మెట్ట ప్రాంతం, వానలు తప్పితే జనం వలసపోతారు. ఆ వలసను ఒక హస్తకళ ఆపలేదు. ఎంత మందికి అన్నం పెడుతోందని అడిగితే ఆత్మకూరుదే పైచేయి. పేరు నిలిచిందా, విలువలో ఎంత భాగం చేసినవాడి ఇంట్లో మిగిలింది అని అడిగితే ఉదయగిరిదే. నా ఓటు రెండో ప్రశ్నకు. ఎందుకంటే ధాన్యానికి నీళ్లు తెచ్చేందుకు రాజ్యం కదిలింది, సోమశిల కట్టింది. చెంచాకు కావలసిన కర్ర కోసం మాత్రం కొండ మీద ఆ చెట్లను పెంచి, కోసుకునే హక్కును పనివాళ్లకు రాసివ్వడం చాలు. ఆత్మకూరు మాగాణికి ఖర్చు పెట్టినదానిలో దానికయ్యేది లెక్కలోకి రానంత చిన్న మొత్తం.